పద్దులో లేని 14 జీబీ

నవంబర్ 4, 2024, సోమవారం

రాత్రి 2:40కి ఫోన్. పార్శిల్ బుకింగ్ డేటాబేస్ నడిచే సర్వర్‌లో మెమరీ నిండితే ఏదో ఒక ప్రాసెస్‌ని చంపే ఓఓఎం కిల్లర్ వచ్చి డేటాబేస్‌నే చంపేసింది. ఇంటి నుంచే లాగిన్ అయి మళ్లీ లేపేసరికి 3:15. లాగ్‌లన్నీ రీప్లే అయి బ్రాంచీల్లో స్క్రీన్లు తిరిగి వెలిగేసరికి నాలుగు దాటింది. ఈలోగా రాత్రి లోడింగ్ ఉన్న బ్రాంచీల వాళ్లు వేబిల్లులు చేత్తో రాసుకుని లారీలు పంపారు. ఒక్క బండి కూడా ఆగలేదని తెలిసి ప్రాణం కుదుటపడింది.

ఇది మూడోసారి. ఆగస్టులో ఒకటి, సెప్టెంబర్ 25న ఒకటి. రెండుసార్లూ రీబూట్ చేసి రిజిస్టర్‌లో ‘మెమరీ లీక్, రీబూట్‌తో సరి’ అని రాసి వదిలేశాం. రెండో నోటు నా చేతి రాతే.

ఈసారి కూడా మా జూనియర్ కుర్రాడు, ‘‘రీబూట్ కొట్టేయమంటావా అన్నా?’’ అని అడిగాడు.

‘‘వద్దురా, ముట్టుకోకు. డేటాబేస్ ఒక్కటే లేపుదాం. మిషన్‌ని ఉన్నది ఉన్నట్టు ఉంచు.’’

ఓఓఎం కిల్లర్ పోతూ పోతూ డీమెసేజ్‌లో ఒక పెద్ద చిట్టా రాసి పెడుతుంది. ఏ ప్రాసెస్ ఎంత మెమరీ పట్టుకుందో, స్లాబ్ ఎంత, పేజ్ టేబుళ్లు ఎంత, ఖాళీ ఎంత, అన్నీ అందులో ఉంటాయి. తెల్లారేదాకా అదే చదివాను. మిషన్‌లో ఉన్నది 64 జీబీ. డేటాబేస్ వాడేది 31. మిగతా ప్రాసెస్‌లన్నీ కలిపి నాలుగు, నాలుగున్నర. రాత్రి లెక్కలు కట్టే జాబ్ మరో 7 జీబీ అడిగింది. ఎలా కూడినా 64 నిండే ప్రశ్నే లేదు. అయినా నిండింది.

మా ఆవిడ తులసికోట దగ్గర కార్తీక సోమవారం దీపం పెట్టి వచ్చి, ‘‘ఇంకా అవలేదా అండీ?’’ అంది. ఇంకా మొదలే కాలేదు.

నవంబర్ 5, మంగళవారం

ఇవాళ స్క్రిప్టులు పక్కన పెట్టి కాగితం, పెన్ను తీసుకున్నాను. మెమ్‌ఇన్ఫో ఫైలు తెరిచి ఒక్కో వరుసా జీబీల్లోకి మార్చి రాసుకున్నాను. ఎప్పుడైనా నాకు పనికొచ్చేలా ఇక్కడా ఎక్కిస్తున్నాను.

మొత్తం 62.6. ఖాళీ 0.9. బఫర్లు, పేజ్ క్యాష్ కలిపి 6.8. ప్రాసెస్‌ల సొంత పేజీలు 35.4. స్లాబ్ 4.1. పేజ్ టేబుళ్లు 0.3. కెర్నెల్ స్టాకులు 0.1. వీమాలాక్ 0.2. కూడితే 47.8.

62.6లోంచి 47.8 తీసేస్తే 14.8 జీబీ. ఈ 14.8 ఏ వరుసలోనూ లేదు.

మూడుసార్లు కూడాను. కుర్రాడి చేత మళ్లీ కూడించాను. అదే అంకె. ‘‘అన్నా, మొత్తం మెమరీలో నాలుగో వంతుకి ఓనరే లేడు’’ అన్నాడు. సరిగ్గా చెప్పాడు.

మెమ్‌ఇన్ఫోలో యాభైకి పైగా వరుసలున్నాయి. హ్యూజ్ పేజీలకు ఏడెనిమిది వరుసలు. హార్డ్‌వేర్ పాడై పక్కన పెట్టిన మెమరీకి సైతం ఒక వరుస ఉంది. నెట్‌వర్క్ బఫర్లకు మాత్రం లేదు. సాకెట్‌లో కూర్చుని పంపకం కోసం ఎదురుచూసే డేటాకి కెర్నెల్ పేజీలు నేరుగా తీసుకుంటుంది. అవి స్లాబ్ లెక్కలోకి రావు, క్యాష్ లెక్కలోకి రావు, ఏ ప్రాసెస్ సొంత పేజీల్లోకీ రావు. ఎస్‌కేబఫ్ అనే చిన్న తలకాయలు మాత్రమే స్లాబ్‌లో కనిపిస్తాయి. స్లాబ్‌టాప్‌లో ఎస్‌కేబఫ్ ఎఫ్‌క్లోన్ క్యాష్ కొంచెం పొంగి ఉంది. ఒళ్లు అంతా ఎక్కడుందో తెలియదుగానీ తల కనిపించింది. రేపు ఆ దారి పట్టాలి.

నవంబర్ 6, బుధవారం

దొరికింది.

ప్రోక్‌లోని నెట్ డైరెక్టరీలో సాక్‌స్టాట్ అని అయిదారు లైన్ల చిన్న ఫైలు. టీసీపీ లైన్ చివర ‘మెమ్ 3702418’ అని ఉంది. అంతే. పక్కన కేబీ అని లేదు, ఎంబీ అని లేదు. చూడగానే 37 లక్షల బైట్లు, అంటే మూడున్నర ఎంబీ, అనుకుని పక్కకు జరిగిపోవచ్చు. సెప్టెంబర్‌లో నేను జరిగిపోయింది సరిగ్గా ఇలాగే. అప్పుడు కూడా ఈ ఫైలు తెరిచినట్టు నా షెల్ హిస్టరీలో ఉంది.

అది బైట్లు కాదు, పేజీలు. ఈ మిషన్‌లో పేజీ అంటే 4,096 బైట్లు. 37,02,418ని 4,096తో గుణిస్తే 14.1 జీబీ.

అదే ఫైల్లో నాలుగు లైన్ల కింద ఫ్రాగ్ అని ఇంకో లైన్ ఉంది, ముక్కలై వచ్చిన ప్యాకెట్లను మళ్లీ అతికించేందుకు పట్టిన మెమరీ. దాని అంకె బైట్లలో ఉంటుంది. ఒకే ఫైలు, దగ్గరదగ్గర లైన్లు, రెండు వేర్వేరు కొలతలు, రెండింటికీ పేరు లేదు.

మా తాతగారి ధాన్యం లెక్కల పుస్తకం ఇంకా మా నాన్న బీరువాలో ఉంది. ప్రతి పేజీ నెత్తిన పు, తూ, కుం అని మూడు గడులు గీసి ఉంటాయి. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు. కౌలుదారు ‘ఏడు కొలిచాను’ అంటే, ‘ఏడు ఏమిటి?’ అని అడిగి ఆ గడిలో రాసేవాడు. ఏడు కుంచాలకూ ఏడు పుట్లకూ మధ్య ఒక సంసారం సంవత్సరం తిండి ఉంది. కెర్నెల్ నాకు ‘ముప్పై ఏడు లక్షలు’ అని చెప్పింది. ఏమిటి అని అడిగే చోటు లేదు.

ఇంకా చెప్పాలంటే పేజీ కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. కొన్ని ఆర్మ్ సర్వర్లలో 64 కేబీ పేజీలతో కెర్నెల్ కడతారు. అక్కడ ఇదే అంకె కనిపిస్తే పదహారు రెట్లు. గెట్‌కాన్ఫ్‌తో పేజ్ సైజ్ అడిగి గుణించాలి తప్ప నాలుగు కేబీ అని బండగా వేయకూడదు.

మిగిలిన 0.7లో ఎక్కువ భాగం నెట్‌వర్క్ కార్డు రింగులదని తేలింది. రెండు పోర్టులు, పోర్టుకు 16 క్యూలు, క్యూకు 4,096 గడులు, గడికో పేజీ: 512 ఎంబీ. సాక్‌స్టాట్ వీటిని లెక్కలోకే తీసుకోదు. అవి సాకెట్‌వి కావు, డ్రైవర్‌వి.

నవంబర్ 7, గురువారం

అంత మెమరీ తీసుకుంటుంటే కెర్నెల్ ఎందుకు ఆపలేదు? రాత్రంతా ఇదే. ఆపాలి కదా. టీసీపీ_మెమ్ అనే సెట్టింగ్ ఉన్నదే అందుకు. దానికి మూడు అంకెలు: మొదటిదాని కింద ఉన్నంతసేపు పట్టించుకోదు, రెండోది దాటితే ప్రెజర్ మొదలై బఫర్లు కుదిస్తుంది, మూడోది దాటితే ఇక ఇవ్వదు, డీమెసేజ్‌లో ‘టీసీపీ మెమరీ అయిపోయింది, టీసీపీ_మెమ్ చూసుకోండి’ అన్న అర్థంలో ఒక లైన్ రాస్తుంది. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ ఉన్న మెమరీని బట్టి తనే వేసుకుంటుంది. ప్రెజర్ సుమారు పదహారో వంతు దగ్గర, పైహద్దు దానికి ఒకటిన్నర రెట్లు. ఈ మిషన్‌కి అయితే సుమారు 2.9, 3.9, 5.8 జీబీ ఉండాలి. 5.8 దగ్గర ఆగిపోయి ఉంటే డేటాబేస్ చచ్చేది కాదు.

సిస్‌సీటీఎల్ ఫైలు తెరిచాను. 2019లో ఎవరో ‘నెట్‌వర్క్ ట్యూనింగ్’ అని పెట్టిన ఆరు లైన్లు. అందులో ఇది:

టీసీపీ_మెమ్ = 8388608 12582912 16777216

పైన కామెంట్‌లో ‘గరిష్ఠం 16 ఎంబీ’ అని రాసి ఉంది.

కళ్లు మూసుకుని కాసేపు కూర్చున్నాను. 1,67,77,216 బైట్లంటే నిజంగానే 16 ఎంబీ. కానీ ఈ సెట్టింగ్ పేజీల్లో ఉంటుంది. 1,67,77,216 పేజీలంటే 64 జీబీ. ఉన్న మెమరీ మొత్తం. మొదటి అంకె 32 జీబీ, రెండోది 48. అంటే 48 జీబీ దాటేదాకా ఈ మిషన్‌లో టీసీపీకి ప్రెజర్ అన్నదే ఉండదు. కెర్నెల్ చెప్పవలసిన ఒకే ఒక్క హెచ్చరిక నోరు అయిదేళ్ల కిందటే కట్టేశాం.

రాసినవాళ్లను ఏమీ అనలేను. దాని పక్కనే ఉన్న టీసీపీ_ఆర్‌మెమ్, టీసీపీ_డబ్ల్యూమెమ్ రెండూ బైట్లే. అన్నదమ్ముల్లాంటి మూడు పేర్లు, రెండు బైట్లు, ఒకటి పేజీలు. డాక్యుమెంటేషన్‌లో పేజీలని స్పష్టంగానే ఉంది. అర్ధరాత్రి పనిచేసేవాడి ముందు ఉండేది డాక్యుమెంటేషన్ కాదు, ఆ ఫైలు. కొలత ఆ ఫైల్లో కనిపించాలి.

ఇంకొకటి బయటపడింది. మా మానిటరింగ్‌లో దీనికి గ్రాఫ్ ఉంది! ‘టీసీపీ మెమరీ వాడకం, శాతం.’ నోడ్ ఎక్స్‌పోర్టర్ సాక్‌స్టాట్ అంకెల్ని తీసుకొస్తూనే ఉంది, బైట్లలోకి మార్చి కూడా ఇస్తుంది. మేం దాన్ని పైహద్దుతో భాగించి శాతం చేశాం. ఆదివారం అర్ధరాత్రి దాకా ఆ గ్రాఫ్ 22 శాతం చూపిస్తూ పచ్చగా ఉంది. 64లో 14 అంటే 22 శాతమే కదా. తప్పుడు హద్దుతో భాగిస్తే ఏ గ్రాఫయినా పచ్చగానే ఉంటుంది.

నవంబర్ 8, శుక్రవారం

ఎవరి సాకెట్లు? ఎస్ఎస్ కమాండ్‌కి టీ, ఎం, ఓ, పీ ఆప్షన్లు కలిపి ఇస్తే ప్రతి కనెక్షన్ కిందా ఎస్‌కే‌మెమ్ అని ఒక బ్రాకెట్ వస్తుంది. ఆర్, ఆర్‌బీ, టీ, టీబీ, ఎఫ్, డబ్ల్యూ అంటూ ఒంటక్షరాలు, పక్కన అంకెలు. ఇవి మాత్రం బైట్లే. డబ్ల్యూ అంటే పంపడానికి పేర్చి ఉంచినది, టీబీ అంటే దాని హద్దు.

3,587 కనెక్షన్లు ఒకే పోలిక. అన్నీ ఎస్టాబ్లిష్డ్. అన్నిటికీ టీబీ 4194304, డబ్ల్యూ దానికి ఒక్క పిసరు అటో ఇటో. 3,587 నాలుగు ఎంబీలు, 14 జీబీ. ప్రాసెస్ పేరు మా రిలే సర్వీస్. బుకింగ్ వివరాల్ని బ్రాంచీ స్క్రీన్లకు పంపేది అదే. అది కోడ్‌లో సెండ్ బఫర్ 2 ఎంబీ అడుగుతుంది. కెర్నెల్ తన పుస్తకాల ఖర్చు కోసమని అడిగినదాన్ని రెట్టింపు చేస్తుంది, అందుకే 4. మామూలుగా డబ్ల్యూమెమ్_మ్యాక్స్ అనే హద్దు రెండు వందల కేబీల దగ్గరే ఆపేది. ఆ 2019 లైన్లలో దాన్నీ 16 ఎంబీకి పెంచారు.

ఈ రిలే సర్వీస్ సొంత మెమరీ టాప్‌లో చూస్తే 380 ఎంబీ. దాని పేరున కెర్నెల్ మోస్తున్నది 14 జీబీ. ఓఓఎం కిల్లర్ ఎవరిని చంపాలో మార్కులు వేసేటప్పుడు ప్రాసెస్ సొంత పేజీలు, స్వాప్, పేజ్ టేబుళ్లు చూస్తుంది. సాకెట్ బఫర్లు ఆ మార్కుల్లో కలవవు. అందుకే మూడుసార్లూ ఏ పాపం ఎరుగని డేటాబేస్ పోయింది. మూడుసార్లూ మేం డేటాబేస్ టీమ్‌ని పిలిచి ‘మీ లీక్ చూసుకోండి’ అన్నాం. ఇవాళ మధ్యాహ్నం వాళ్ల దగ్గరికి వెళ్లి ఈ కాగితం చూపించి, పొరపాటు మాదని చెప్పి వచ్చాను.

ఆ కనెక్షన్లన్నిటికీ టైమర్ కాలమ్‌లో పర్సిస్ట్ అని ఉంది. అవతలి వైపు విండో సున్నా. అవతలివాడు ‘నా దగ్గర చోటు లేదు, పంపకు’ అంటున్నాడు, ఇవతలి కెర్నెల్ గరిష్ఠంగా రెండు నిమిషాలకోసారి ‘ఇప్పుడైనా?’ అని అడుగుతోంది, ‘లేదు’ అని జవాబు వస్తోంది. జవాబు వస్తున్నంత కాలం ఈ కనెక్షన్ చావదు. నెలలైనా అంతే.

ఒక బ్రాంచీకి ఫోన్ చేశాను. విజయవాడ ఆటోనగర్. కౌంటర్ మీద ఉండే మేడమ్‌ గారు ఎత్తారు.

‘‘అమ్మా, సాయంత్రం వెళ్లేటప్పుడు బుకింగ్ స్క్రీన్ ఎలా మూస్తారు?’’

‘‘మూల ఎర్ర గుర్తు నొక్కేస్తామండీ. పొద్దున మళ్లీ తెరుస్తాం. సిస్టమ్ మాత్రం ఆపొద్దన్నారు కదా, బ్యాకప్ ఉంటుందని.’’

‘‘అవునమ్మా, మేమే చెప్పాం. ఒక్కసారి టాస్క్ మేనేజర్ తెరిచి మన ప్రోగ్రామ్ పేరు ఎన్నిసార్లు ఉందో చూస్తారా?’’

ఆవిడ లెక్కపెట్టారు. ‘‘ముప్పై ఎనిమిది ఉన్నాయండీ. నేనేమైనా తప్పు చేశానా?’’

‘‘లేదమ్మా, మీ తప్పు ఇసుమంత కూడా లేదు.’’

ఎర్ర గుర్తు నొక్కితే కిటికీ పోతోంది, ప్రోగ్రామ్ వెనకాల బతికే ఉంటోంది. డేటా చదవడం మానేసి, కనెక్షన్ మాత్రం పట్టుకుని. రోజుకొకటి చొప్పున సెప్టెంబర్ 25 నుంచి. తొంభైకి పైగా బ్రాంచీలు. లెక్క సరిపోయింది.

సాయంత్రం 7:20కి ఎస్ఎస్‌కి పెద్ద కే ఆప్షన్ ఇచ్చి ఆ కనెక్షన్లను మూశాం. కుర్రాడు పక్క స్క్రీన్‌లో సాక్‌స్టాట్‌ని సెకనుకోసారి చూపిస్తున్నాడు. 37 లక్షలు, 29, 16, 4 లక్షలు, చివరికి 21,306. అంటే 83 ఎంబీ. ఫ్రీ కమాండ్‌లో అందుబాటు మెమరీ 14 జీబీ పెరిగింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. వాడు వెళ్లి రెండు టీలు తెచ్చాడు.

నవంబర్ 10, ఆదివారం

ఇవాళ పని లేదు, ఆలోచన వదలడం లేదు.

2006లో నా మొదటి ఉద్యోగం ఒక చిన్న ఇంటర్‌నెట్ కంపెనీలో. మెయిల్ సర్వర్లన్నీ ఫ్రీబీఎస్‌డీ. అక్కడి సీనియర్ గారు, నాకు గురువు లాంటి ఆయన, మొదటి వారంలోనే కూర్చోబెట్టి నెట్‌స్టాట్‌కి ఎం ఆప్షన్ ఇచ్చి చూపించారు. ఒక స్క్రీన్‌లో మొత్తం. ఎంబఫ్‌లు, అంటే నెట్‌వర్క్ డేటాకి వాడే మెమరీ ముక్కలు, ఎన్ని వాడకంలో, ఎన్ని క్యాష్‌లో, మొత్తం ఎన్ని. క్లస్టర్లు ఎన్ని, వాటి హద్దు ఎంత. నెట్‌వర్క్‌కి కేటాయించిన బైట్లు ఎంత. కింద, అడిగితే ఇవ్వకుండా తిప్పి పంపినవి ఎన్ని, ఆలస్యంగా ఇచ్చినవి ఎన్ని. ‘‘ముందు తిప్పి పంపినవి చూడు నాయనా. అది సున్నా అయితే తర్వాత టీ తాగి మిగతాది చదువు’’ అనేవారు.

ఎంబఫ్‌లు 1983లో 4.2బీఎస్‌డీతో వచ్చాయి. అప్పట్లో ఒక్కోటి 128 బైట్లు, ఇప్పటి ఫ్రీబీఎస్‌డీలో 256, క్లస్టర్ 2,048. గ్యారీ రైట్, రిచర్డ్ స్టీవెన్స్ 1995లో తెచ్చిన టీసీపీ/ఐపీ ఇల్లస్ట్రేటెడ్ రెండో సంపుటంలో ప్రోటోకాల్స్ కంటే ముందే, రెండో అధ్యాయం మొత్తం ఎంబఫ్‌ల మీదే రాశారు. నెట్‌వర్క్ అంటే మొదట మెమరీ అని వాళ్లకు తెలుసు. మెషీన్లో మెమరీ తక్కువ కాబట్టి పైసా పైసా లెక్క రాసుకున్నారు.

లినక్స్‌లో లెక్క లేదని కాదు. చెల్లాచెదురుగా ఉంది. సాక్‌స్టాట్‌లో పేజీలు. నెట్ డైరెక్టరీలోనే ప్రోటోకాల్స్ అని ఇంకో ఫైలు, అందులో ప్రతి ప్రోటోకాల్‌కీ మెమరీ, ప్రెజర్‌లో ఉందా లేదా అని ఒక కాలమ్. ప్రెజర్ ఎన్నిసార్లు వచ్చిందో ఎన్‌స్టాట్‌లో. మెమరీ లేక తెంచేసిన కనెక్షన్లు ఎన్నో కూడా ఎన్‌స్టాట్‌లో, ఇంకో పేరుతో. ఒక్కో కనెక్షన్‌ది ఎస్ఎస్‌లో. అన్నీ నిజాలే. నిజాల్ని ఏడు చోట్ల పెట్టి, ఏడింటికీ ఏడు పేర్లూ మూడు కొలతలూ పెడితే, రాత్రి రెండున్నరకు లేచినవాడికి అది రిపోర్ట్ కాదు. నా పద్దెనిమిదేళ్ల పనిలో దీనంత బాధపెట్టిన సంగతి ఇంకోటి లేదు. ఒక్క వరుస, మెమ్‌ఇన్ఫోలో, కేబీల్లో, ‘నెట్‌వర్క్ బఫర్లు’ అని ఉంటే ఆగస్టులోనే తేలిపోయేది.

మంచి కూడా రాయాలి. సీగ్రూప్ రెండో వెర్షన్ ఉన్న మిషన్లలో ప్రతి సర్వీస్‌కీ ఉండే మెమరీ.స్టాట్ ఫైల్లో సాక్ అనే వరుస ఉంది. బైట్లలోనే. ఆ సర్వీస్ తెరిచిన సాకెట్లు పట్టిన మెమరీ ఆ సర్వీస్ ఖాతాలోనే పడుతుంది, దాని హద్దులోంచే పోతుంది. మా రిలే అలాంటి మిషన్‌లో ఉండుంటే హద్దు తనకే తగిలేది, డేటాబేస్ జోలికి వచ్చేది కాదు. ఈ పాత సర్వర్ ఇంకా మొదటి వెర్షన్‌లో ఉంది. జులైలో వచ్చిన 6.10 కెర్నెల్‌లో అయితే, ఆ సదుపాయం పెట్టి కడితే, ఏ కోడ్ లైన్ ఎంత మెమరీ తీసుకుందో అలాక్‌ఇన్ఫో అనే ఫైల్లో చూపిస్తుంది. పని జరుగుతోంది. మా ఊరికి ఇంకా బస్సు రాలేదు, అంతే.

నవంబర్ 13, బుధవారం

రిపోర్ట్ స్క్రిప్ట్ అయింది. 140 లైన్లు. లైన్ల కంటే మాటల దగ్గరే ఎక్కువ టైమ్ పట్టింది.

కుర్రాడు మొదట రాసుకొచ్చింది: ‘టీసీపీ మెమ్: 21306 (0.1%)’. నేను, ‘‘ఇది ఎవరికిరా?’’ అన్నాను. ‘‘మనకే అన్నా.’’ ‘‘మనకి కాదు. మనం నిద్రలో ఉన్నప్పుడు షిఫ్ట్‌లో ఉండే పిల్లకి. ఆమె మొన్న జూన్‌లో చేరింది. పేజీలంటే ఆమెకు ఎందుకు తెలియాలి?’’ వాడు ఆలోచించి తీసేశాడు.

ఈ మిషన్‌లో ఆ 2019 హద్దు తీసేశాక ఇప్పుడు మొదటి లైన్ ఇలా వస్తుంది: ‘కెర్నెల్ నెట్‌వర్క్ బఫర్లు: 83 ఎంబీ. మిషన్ మెమరీలో 0.1 శాతం. కెర్నెల్ హద్దు 5.8 జీబీ, అందులో 1.4 శాతం.’ శాతాలు రెండూ ఉండాలని నేను పట్టుబట్టాను. ఒక్క హద్దు మీద వేసిన శాతాన్ని నమ్మి అయిదేళ్లు మోసపోయాం. హద్దు కూడా మిషన్ మెమరీలో ఎనిమిదో వంతు దాటి ఉంటే, ‘హద్దు అనుమానాస్పదం, టీసీపీ_మెమ్ పేజీల్లో ఉంటుంది’ అని ఆ లైన్ కిందే రాస్తుంది.

తర్వాత యూడీపీ, ఫ్రాగ్, రెండూ ఎంబీల్లోకి మార్చి. తర్వాత ప్రెజర్ నిన్నటి నుంచి ఎన్నిసార్లు, మొత్తం ఎన్ని సెకన్లు. మెమరీ లేక తెంచిన కనెక్షన్లు. ఆ తర్వాత నాకు అన్నిటికంటే ఇష్టమైన లైన్: ‘ఏ వరుసలోనూ లేని మెమరీ’. నేను మంగళవారం కాగితం మీద చేసిన తీసివేత. అది నెట్‌వర్క్ బఫర్లతోనూ పూడకుండా 2 జీబీ దాటితే మెయిల్ వస్తుంది.

చివర, పేర్లు. ఏ ప్రాసెస్ సాకెట్లలో ఎంత, మొదటి అయిదు. ప్రాసెస్ సొంత మెమరీ పక్కనే. ‘రిలే: సొంతం 380 ఎంబీ, సాకెట్లలో 14.0 జీబీ’ అని నవంబర్ 4 నాటి అంకెలతో ఒక నమూనా కూడా ప్రింట్ తీసి గోడకి అంటించాం. ఈ ఒక్క లైన్ ఆ రాత్రి ఉంటే అరగంట పని.

ఒక జాగ్రత్త, మళ్లీ మర్చిపోతానని రాస్తున్నాను. 6.0 తర్వాతి కెర్నెల్స్‌లో ఒక్కో సీపీయూ 1 ఎంబీ దాకా తన దగ్గర విడిగా ఉంచుకుని తర్వాత ఖాతాలో వేస్తుంది. 16 కోర్ల మిషన్‌లో 16 ఎంబీ అటూఇటూ. రిపోర్ట్‌లో అంత కంటే చిన్న తేడాల గురించి కంగారు పడకూడదు.

నవంబర్ 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. సాయంత్రం గుళ్లో 365 వత్తుల దీపం వెలిగించడానికి మా ఆవిడతో వెళ్లాను. ఫోన్ మోగలేదు.

పొద్దున మేనేజర్ గారికి చూపించాం. ‘‘ఈ రిపోర్ట్ నాకు కూడా పంపండి’’ అన్నారు. పంపుతాం, కానీ ముందు వెళ్లేది షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకి. చర్య తీసుకోగలిగినవాడికి అందని అంకె ఎంత సరైనదైనా ప్రయోజనం లేదు. ఆయన ఒప్పుకున్నారు.

రిలే రాసే టీమ్ యూజర్ టైమౌట్ పెట్టింది. అవతలివాడు 15 నిమిషాలు చోటు ఇవ్వకపోతే కెర్నెలే కనెక్షన్ తెంచేస్తుంది. ఆ సెట్టింగ్ మిల్లీసెకన్లలో ఉంటుంది. కోడ్‌లో 900000 అని ఉన్న లైన్ పక్కన ‘మిల్లీసెకన్లు, 15 నిమిషాలు’ అని కామెంట్ రాయించే దాకా వాళ్ల సీటు దగ్గర్నుంచి కదల్లేదు.

నవంబర్ 20, బుధవారం

అర్ధరాత్రి 1:10కి రిపోర్ట్ మెయిల్. షిఫ్ట్‌లో ఉన్న ఆ కొత్త అమ్మాయే చూసింది. ఇంకో సర్వర్, ఫైళ్లు పంచేది. నెట్‌వర్క్ బఫర్లు 3.1 జీబీ, సాకెట్లలో ఎక్కువ ఉన్న ప్రాసెస్ పేరు, ‘హద్దు అనుమానాస్పదం’ అన్న లైన్. ఆమె నాకు ఫోన్ చేయలేదు. ఎస్ఎస్‌లో చూసి, 740 కనెక్షన్లు విండో సున్నాలో ఉన్నాయని గుర్తించి, ఆ సర్వీస్ వాళ్లని లేపి రీస్టార్ట్ చేయించింది. 1:35కి అయిపోయింది. పొద్దున వచ్చాక చెప్పింది, ‘‘మిమ్మల్ని లేపాల్సిన అవసరం కనిపించలేదు సార్’’ అని.

మధ్యాహ్నం కూర్చుని మా చేతిలో ఉన్న 12 సర్వర్లూ వెతికాం. 2019 నాటి ఆ టీసీపీ_మెమ్ లైన్ తొమ్మిదింటిలో ఉంది. సాయంత్రానికి ఏడింటిలో తీసేశాం. మిగతా రెండూ శనివారం రాత్రి.